పరదా వెనక మా యమ్మ

"ఖాదర్ తాతా, ఈ ఫోన్లో ఉండేది నీ ఫ్రాన్సాయనేనా చూడు. పోయిన వారం చనిపోయినాడంట. మొదట్నుంచీ చెప్పు, నేను రికార్డు పెడతా."

తొంభయ్యో సంవత్సరం పాపా, ఆగస్టు నెల, ఈ కువైటుకు ఎండాకాలం నడిమధ్య. కుళాయి కింద చెయ్యి పెడితే బొబ్బలెక్కేంత వేడి నీళ్లు. పెట్టినావా రికార్డు? ఎర్రగా వెలిగేది అదేనా? సరే. ఇటు తిప్పు ఫోను, అద్దాలు పెట్టుకోనీ. ఆఁ, ఆయప్పే. ముక్కు అదే. మనిషి ముసలోడైనా ముక్కు మారదు.

అప్పుడు నేను ఈ అర్దియాలో లేను. సాల్మియాలో, సముద్రం పక్కన, ఐదంతస్తుల బిల్డింగుకు కాపలా, ఇక్కడి మాటలో హారిస్‌ను. ఇప్పుడు చేస్తాండే పనే అప్పుడూ. మెట్లు కడగాల, చెత్త దించాల, నీళ్ల మోటారు వెయ్యాల, ఎవరొచ్చినా యాడికని అడగాల. నెలకు నలభై దీనార్లు. దీనారుకు అప్పుడు అరవై రూపాయలు. మా ఊరి అయ్యవారికి కూడా అంత జీతం లేదు, నాకేమో అక్షరం రాదు. మీ తాత, అదే మీ అబ్బ గంగులప్ప, నేనూ ఒకేసారి వచ్చినాం రాయచోటి నుంచి. ఆయన అల్ రాయ్‌లో కార్ల షెడ్డులో మెకానిక్కు. శుక్రవారం శుక్రవారం నా రూముకొచ్చి సంగటి తినిపొయ్యేటోడు. మీ అబ్బ మాట తర్వాత వస్తుంది. రావాల్సిందే గదా.

జైనబీ, నా భార్య, జాబ్రియాలో ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తాండె. ఇరాకు సైన్యం కువైటును పట్టుకున్న రెండో దినమే ఆ ఇంటోళ్లు కార్లో సౌదీకి పోతా ఈమెనూ రమ్మన్నారంట. రాను, నా మొగుడు సాల్మియాలో ఉండాడు అని నడుచుకుంటా వచ్చేసింది. ఒక చేతిలో బట్టల మూట, ఇంకో చేతిలో ప్రెషర్ కుక్కరు. కుక్కరు ఎందుకే అంటే, ఇంటావిడ మామా ఏదన్నా ఒకటి తీసుకొమ్మనింది, నాకు ఇదొక్కటే పనికొస్తుంది అనింది. అప్పటికి ఆ ఇంట్లో బంగారు గడియారాలు కూడా ఉన్యాయంట. సరే, వద్దులే. కుక్కరు ఇప్పటికీ ఊళ్లో ఉండాది. రెండుసార్లు రబ్బరు మార్పించినాం.

ఇంగ నీ ఫోన్లో ఆయప్ప. పేరు బెర్తో. అందరూ మస్యూ అనేటోళ్లు, నేనూ అదే అన్నా. మూడో అంతస్తు. ముత్యాల కోసం సముద్రంలో మునిగిన పాతకాలం మనుషుల మీద ఫిల్ము తియ్యడానికి వచ్చినాడు. వాళ్ల దేశంలో హీరో అని కింద దుకాణంలో ఈజిప్టోడు చెప్తే నేను నమ్మలా. హీరో అయితే చెత్త సంచి ఆయనే మోసుకుని దిగుతాడా? ఆ చెత్త దగ్గరే మాకు మాటా మాటా వచ్చింది. చెత్త దించేది నా పని, మెట్ల మీద నీళ్లు కారతాయి, నువ్వు ముట్టుకోవద్దు అని నేను. నా చెత్త, నా ఇష్టం అని ఆయన. పది దినాలు ఇద్దరం ఒకే సంచిని చెరో పక్క పట్టుకుని దిగినాం. ఆయనా వదల్లేదు, నేనూ వదల్లేదు. అట్ల దోస్తీ కుదిరింది.

ఫోటోలు చూపించినాడు. గుర్రం మీద ఒకటి, కత్తి పట్టుకుని ఒకటి, పోలీసు టోపీలో ఒకటి. వాళ్ల నాయన మాంసం కొట్టేటోడంట. ఈయన పద్నాలుగేండ్లకే ఇంట్లోంచి పోయి ఫిల్ముల్లో లైట్లు మోసినాడు. ఒక దినం హీరోకు గుర్రం మీదనుంచి పడడం చేతగాక, నువ్వు పడరా అని ఈయన్ను పడమన్నారు. బాగా పడినాడంట. అట్ల ఆరేండ్లు పడీ పడీ, చివరికి పడకుండా గుర్రం మీద కూర్చునే వేషం ఇచ్చినారు. ఆ తర్వాత ముప్ఫై ఫిల్ముల్లో హీరో. యాభై దాటినాక వేషాలు తగ్గి, సొంతంగా ఫిల్ములు తీస్తా ఈ ఎండలోకి వచ్చినాడు. ఇదంతా ఎట్ల చెప్పినాడంటే కొంచెం ఇంగ్లీషు, కొంచెం అరబ్బీ, మిగతాది చేతులతో. గుర్రం మీదనుంచి పడేది మాత్రం నిజంగా పడి చూపించినాడు, నేను కడిగిన మెట్ల మీద.

సైన్యం వచ్చిన మొదటి వారం బిల్డింగు ఖాళీ అయిపోయింది. తెల్లోళ్లను దొరికినోళ్లను దొరికినట్లు పట్టుకుపోతాండారు. ఫ్యాక్టరీల దగ్గర, ఆనకట్టల దగ్గర కూర్చోబెడతారంట, పైనుంచి బాంబులు పడకుండా. వాళ్లను దాచినోళ్లకు ఉరి అని రేడియోలో చెప్పినారు. ఒక మధ్యాన్నం ఇద్దరు సిపాయిలు వచ్చి, ఇక్కడ తెల్లోళ్లు ఉండారా అని అడిగినారు. నాకు నోట్లోంచి వచ్చేసింది, లేరు అని. ఎందుకు చెప్పినానంటే నాకే తెల్దు. మంచితనం అనుకోవద్దు. అడిగినోడు కాలుతో నా బకెట్టు తన్ని అడిగినాడు. అందుకని లేరు అన్నా. ఒకసారి లేరు అని చెప్పినాక మళ్లా ఉండాడని ఎట్ల చెప్పేది? నా మాట ఏం గావాల?

మస్యూను నీళ్ల మోటారు రూములో పెట్టినా. మెట్ల కింద ఉంటుంది, నిలబడితే తల తగుల్తుంది. అన్నం జైనబీ చేసి ఇచ్చేది, నేను తీసుకుపోయేది. కారం ఎక్కువైందని ముక్కు తుడుచుకుంటా తినేటోడు. మళ్లా వారానికి సిపాయిలు వచ్చి ప్రతి రూమూ చూసినారు. మోటారు రూముకు తాళం వేసి ఉంటే, తాళంచెవి యాడ అని అడిగినారు. ఓనరు తీసుకుపోయినాడన్నా. మళ్లా వచ్చేటప్పుడు తాళం పగలగొట్టను సుత్తి తెస్తాం అని పోయినారు.

అప్పుడు ఉపాయం చెప్పింది జైనబీ. బియ్యంలో రాళ్లు ఏరుకుంటా చెప్పింది. నేను ఇద్దత్ కూర్చుంటా అని. ఇద్దత్ అంటే నీకు తెలుసో లేదో, మొగుడు పోతే నాలుగు నెలల పది దినాలు ఆడమనిషి పరాయి మొగోళ్ల కంట పడకుండా లోపల ఉండాల. సిపాయిలూ ముసల్మానులే గదా. ఇద్దత్‌లో ఉండే మనిషి రూములోకి ఎవడూ కాలు పెట్టడు. ఆయన్ను నా పక్కన బుర్ఖాలో మీ యమ్మని చెప్పి కూర్చోబెడతాం అనింది.

నేను బతికే ఉండా గదే అన్నా.

"బయట చెప్పడానికే. ఊరికే."

"నేను ఒప్పుకోను. బతికుండేటోణ్ణి చచ్చినాడంటే మంచిది గాదు."

"నీకు చచ్చేది చేతగాకపోతే, పోయి ఆ మనిషిని నువ్వే అప్పజెప్పి రా" అనింది. రాళ్లు ఏరేది మాత్రం ఆపలా.

సరే, చచ్చినా. ఏం చేసేది? నేను జైనబీకి అన్నను అయినా. ముందు రూముకూ వెనక రూముకూ మధ్య తెల్ల దుప్పటి పరదా కట్టినాం. దాని వెనక జైనబీ తెల్ల గుడ్డల్లో. ఆమె పక్కన మస్యూ, నల్ల బుర్ఖాలో, మొహం మొత్తం కప్పుకుని. మీసాలు తీసేసినాడు. ఆరడుగుల మనిషి గాబట్టి లేచి నిలబడొద్దని చెప్పినాం. కాళ్లకు నల్ల సాక్సులు. చేతుల మీద వెంట్రుకలు చూసి జైనబీ నవ్వింది, ఇంత వెంట్రుకల అత్త నాకు వద్దు అని. నిద్రకు మాత్రం ఆయప్ప మళ్లా మోటారు రూముకే. అది నేను ముందే చెప్పేసినా.

ఊరికే కూర్చో అంటే ఆయప్ప కూర్చోడే. అది ఆయన పని గదా, పని సగం సగం చెయ్యడు. మీ యమ్మ ఎట్ల కూర్చుంటుంది అని అడిగినాడు. చూపించినా. మా యమ్మ ఎప్పుడు కూర్చున్నా కుడి మోకాలు పైకి పెట్టి, దాని మీద మోచెయ్యి ఆనించి కూర్చుంటుంది. ఎట్ల ఏడుస్తుంది అన్నాడు. మా నాయన పోయినప్పుడు ఏడ్చింది చూసినా గదా, అది చెప్పినా. అరచేత్తో తొడ మీద కొట్టుకుంటా, ఒక్కో దెబ్బకు ఒక్కో మాట, మూడో దెబ్బకు గొంతు సాగదీస్తుంది. మా మతంలో చావుకు అట్ల రాగాలు పెట్టి ఏడవకూడదంట. మా యమ్మకు ఆ మాట ఎవరూ చెప్పలా. మేము దూదేకులోళ్లం పాపా, ఇంట్లో మాట్లాడేది తెలుగే, ఏడ్చేదీ తెలుగులోనే. ఏం మాటలు అంటుంది అన్నాడు. అదీ చెప్పినా. నేను చస్తే నా పేరు పెట్టి ఏడుస్తుంది గదా, అందుకని నా పేరు పెట్టే నేర్పిచ్చినా. బుద్ధి ఉండేటోడు ఇంకో పేరు చెప్తాడు. నాకు తోచలేదు.

మూడు దినాలు నేర్చుకున్నాడు. తప్పు కొడితే మళ్లా మొదట్నుంచి. గొంతు ఇంగా పైకి, తొడ మీద ఇంగా గట్టిగా, ఇట్ల గాదు మా యమ్మకు పళ్లు లేవు అని నేను. పళ్లు లేని నోరు కూడా పెట్టినాడు.

సుత్తి పట్టుకుని వచ్చినోడు ఒక హవల్దారు. పొట్టి మనిషి, మీసాలు నెరిసినాయి, బస్రా పక్క పల్లె అని తర్వాత తెలిసింది. మోటారు రూము తాళం పగలగొట్టి చూసినాడు, అందులో మోటారు ఉండాది. నా రూముకొచ్చి, లోపల ఎవరన్నాడు. హారిస్ భార్య, ఇద్దత్‌లో ఉండాది, వాళ్ల అత్త కూడా ఉండాది అన్నా. హారిస్ యాడ అన్నాడు. మాత్ అన్నా. చచ్చిపోయినాడు అని. చెప్పేది చాలా కష్టం అనుకున్యా. సులభంగానే వచ్చింది.

ఆయన పరదా అంచు పట్టుకున్నాడు. ఎత్తలా, ఊరికే పట్టుకున్నాడు. అప్పుడు లోపల మొదలైంది.

"ఖాదరూ… నా కొడకా… నాకు మన్ను పొయ్యాల్సినోడివి, నాకంటే ముందు పోతివా కొడకా…"

పాపా, అది మా యమ్మే. నేనే నేర్పిచ్చినా, నా ముందరే నేర్చుకున్నాడు, లోపల ఉండేది వెంట్రుకల చేతుల ఫ్రాన్సాయన అని నాకు తెలుసు. అయినా నాకు ఒళ్లు చల్లబడింది, ఆగస్టు నెలలో. హవల్దారు పరదా వదిలేసి బయట మెట్టు మీద కూర్చున్నాడు. టోపీ తీసినాడు. ఆయన కొడుకు ఒకడు ముందర ఇరానుతో జరిగిన యుద్ధంలో పోయినాడంట, వాళ్లావిడ ఇట్లే ఏడుస్తుందంట. రెండు డబ్బాల టమాటా పేస్టు ఇచ్చి పోయినాడు. ఈ రూముకు ఎవరూ పోవద్దని మిగతా సిపాయిలకు చెప్పినాడు.

అక్కడికి అయిపోయుంటే బాగుండు. ఆ హవల్దారు వారం వారం రాను మొదలుపెట్టినాడు. తల్లి ఎట్లుండాది అని అడిగేది, మెట్టు మీద కూర్చునేది. ఆయన కూర్చున్యాడంటే మస్యూ ఏడ్వాల. ఆయప్పకు ఇష్టంగానే ఉన్నట్లుండె. చూసేటోళ్లు ఉంటే చాలు వాళ్లకు.

ఇంగ మీ అబ్బ. సెప్టెంబరు మొదట్లో మనోళ్లను బస్సుల్లో బాగ్దాదు మీద నుంచి జోర్డాను పంపిస్తాండారు, ఆడనుంచి విమానం. మీ అబ్బ పేరు వచ్చింది. ఆ మధ్యాన్నమే బస్సు. చెప్పిపోదామని అల్ రాయ్ నుంచి నడుచుకుంటా నా దగ్గరికి వచ్చినాడు, ఆ ఎండలో. నేను లేను. రొట్టెల కోసం బేకరీ లైన్లో ఉండా. మెట్టు మీద హవల్దారు కూర్చోనుండాడు. ఖాదర్ యాడ అని మీ అబ్బ అడిగితే, హవల్దారు టోపీ తీసి చెప్పినాడంట, మాత్ అని. ఆ సద్దుకు లోపల మస్యూ మొదలుపెట్టినాడు. ఆయప్పకేం తెలుసు వచ్చింది ఎవరో.

మీ అబ్బ పరదా ముందర నిలబడి, అమ్మా జైనబీ, నేను గంగులప్పను అన్నాడంట. జైనబీకి గొంతు తెలిసింది. పక్కన సిపాయి. తెలుగులో ఒక్క మాట చెప్తే సరిపోయేది అని నేను తర్వాత అన్నా. "ఏమని చెప్పేది? ఆయన సంతోషం పట్టలేక గట్టిగా నవ్వితే? మీ సావాసగాని నోరు నాకు తెల్దా?" అనింది. అదీ నిజమే. మీ అబ్బ మంచోడు, మొహంలో ఏదీ దాగదు.

ఆ పరదా జానెడు ఎత్తి చూడలేదు పాపా. మా ఇళ్ల మధ్య పెరిగినోడు గదా, మొగుడు పోయిన మనిషిని పరాయోడు చూడకూడదని తెలుసు. బస్సులో తినడానికి తెచ్చుకున్న ఖర్జూరాల పొట్లం పరదా కింద నుంచి లోపలికి తోసి పోయినాడు. మర్యాదస్తుడు.

నేను రొట్టెలతో వచ్చి, ఖర్జూరాలు యాడివి అన్నా. జైనబీ చెప్పింది. రొట్టెలు ఆడే పెట్టి పరుగెత్తినా. బస్సులు బయల్దేరే మైదానానికి గంటన్నర నడక. నేను పొయ్యేటప్పటికి ఖాళీ నీళ్ల సీసాలు, టైర్ల గుర్తులు ఉన్యాయి.

వెనక్కొచ్చినాక జైనబీ అడిగింది, గంగులప్ప ఊళ్లో ఏం చెప్తాడు అని.

"చచ్చినా అని చెప్తాడు."

"అత్తకు?"

 మా యమ్మకు నేను, మా తమ్ముడు ఇద్దరమే. తమ్ముడు పెండ్లయ్యి వేరే పోయినాడు. ఆమె ఉండేది నా పేరు మీదే. ఫోన్లు లేవు, తంతి లేదు. మేమూ పేర్లు ఇస్తే నాలుగు దినాల్లో బస్సు దొరుకుతుంది, మీ అబ్బ వెనకాలే ఊరు చేరొచ్చు. మేము పోతే పరదా లేదు. పరదా లేకుంటే మస్యూను పట్టుకుపోతారు, అంతే. ఆయప్పకు చెప్పినా, నీ ఏడుపు మా ఊరికి పోతాండాది అని. అర్థం చేసుకున్నాడు. సినిమాలో మాదిరి కాకుండా మెల్లగా చెప్పినాడు, పో ఖాదర్, మీ యమ్మ దగ్గరికి పో, నన్ను దేవుడు చూసుకుంటాడు అని.

పోయుంటే సరిపోయుండు. పో అన్నాడు గాబట్టే పోలేకపోయినా. చెత్త సంచి మాదిరి. ఆయన వదులు అంటే నేను వదలను. నేను లేడని చెప్పినా గదా సిపాయికి, ఆ మాట నాది. జైనబీ రెండు దినాలు నాతో మాట్లాడలా. మూడో దినం, నీకు యమ్మ ఒకటే ఉండాది, ఫ్రాన్సోళ్లు చానా మంది ఉండారు అనింది.  

ఒక పని చేసినా. కోనసీమ ఆయన ఒకడు, పైపుల పనోడు, సత్యనారాయణ అని, ఆ వారం బస్సులో పోతాండాడు. ఇండియాలో దిగంగానే మా యమ్మకు కార్డు రాయి అని ఊరు, తాలూకా, పిన్ను నంబరు కాడికి చెప్పి, నాలుగుసార్లు తిరిగి చెప్పించుకున్యా. నాకు రాయను వచ్చుంటే చీటీ రాసి పదిమంది చేతుల్లో పెట్టుండొచ్చు. ఆయన నమ్మకమైన మనిషి. రాస్తానండి, తప్పకుండా రాస్తానండి అన్నాడు.

అక్టోబరు ఆఖర్లో రేడియోలో వచ్చింది, ఫ్రాన్సోళ్లను వదిలేస్తాండారు అని. మస్యూ మొహం కడిగి, కోటు వేసుకున్నాడు. బుర్ఖా మడతపెట్టి జైనబీ చేతికిచ్చి వంగి దండం పెట్టినాడు. నా చెయ్యి పట్టుకుని, ఖాదర్, ముప్ఫై ఫిల్ముల్లో చేసినదానికంటే మీ యమ్మ వేషమే నా గొప్ప వేషం అన్నాడు ఇంగ్లీషులో. నేను తలూపినా.

పరదా తీసి బయటికి వస్తే మెట్టు మీద హవల్దారు. ఆరడుగుల మనిషిని కింది నుంచి పైదాకా చూసినాడు. మళ్లా కిందికి చూసినాడు. తొందరలో మస్యూ నల్ల సాక్సులు మార్చుకోలా.  తర్వాత హవల్దారు, తల్లి ఎట్లుండాది అని అడిగినాడు. బాగుండాది అన్నాడు మస్యూ. హవల్దారు లేచి టోపీ పెట్టుకున్నాడు. నాతో ఒకటే మాట అన్నాడు, నువ్వు చచ్చినోడివి గదా, రేపటికి ఈ బిల్డింగులో కనపడొద్దు, కనపడితే నేను మళ్లా చంపాల్సి వస్తుంది అని. ఆ సాయంత్రమే మేము కుక్కరు తీసుకుని బయల్దేరినాం.

ఆయప్ప ఆ తర్వాతి కథ నువ్వే గదా చదివి చెప్పినావు. వాళ్ల ఊరికి మేయరంట, రెండుసార్లు. పార్లమెంటుకు పోయినాడు. సముద్రాలకూ చేపలకూ మంత్రి అయినాడు, ఏడాదిన్నర. పోస్టర్ల మీద గుర్రం ఫోటోనే. ప్రతి ఎలక్షనుకూ కువైటు కథ చెప్పినాడు. మొదటిసారి, ఒక కాపలా ఆయన, ఆయన భార్య నన్ను దాచినారు అన్నాడంట. రెండోసారి, స్థానికుల సాయంతో తప్పించుకున్యా అన్నాడు. మూడోసారి, నేలమాళిగలో ఒంటరిగా, పిస్తోలు పట్టుకుని, నాకుండే రొట్టెలో సగం ఒక పేద కాపలావాడికి పెట్టి బతికించినా అన్నాడు. ఓట్లు పెరిగే కొద్దీ మేము తగ్గినాం. రొట్టె తెచ్చింది నేను. సగం నాకు పెట్టిన మాట నిజమే, కారం ఎక్కువైన దినాల్లో. బయటి దేశాల కూలోళ్లు రాకుండా కాగితాలు గట్టి చెయ్యాలని కూడా ఓటు వేసినాడంటివి. వేసుంటాడు. బుర్ఖా వేసుకుని ఏడ్చినా అని చెప్తే గుర్రం మీద మనిషికి ఓట్లు పడవు గదా. నాకు కోపం లేదు. నేను కూడా ఆయప్ప కోసం చచ్చినా అని ఎవరికీ చెప్పుకోలా, మొండితనం అనుకుంటారని.

ఆ ఆఖరు వీడియో మళ్లా వెయ్యి, ముసలి ఆయన కుర్చీలో ఉండేది. ఆయన్ను ప్రశ్నలడిగే ఆ పిల్ల ఏం అడిగింది? మీ గొప్ప వేషం ఏది అని. చూడు, ఏ ఫిల్ము పేరూ చెప్పడు. దిగి నేల మీద కూర్చుంటాడు, తొంభై ఏండ్ల మనిషి. ఇప్పుడు చూడు. కుడి మోకాలు. మోచెయ్యి. తొడ మీద మూడు దెబ్బలు. ఖాదరూ అంటాడు. విన్యావా? ఆ పిల్ల నవ్వుతాది, అదేదో అరబ్బీ పాట అనుకునింది.

మా యమ్మకు ఫోటో లేదు పాపా. ఎన్నడూ తీయించుకోలా. ఇంకోసారి వెయ్యి.

చాలు. అవునవును, మీ అబ్బ. అడుగుతావని తెలుసు. నేను ఊరు చేరినాక వచ్చి నా ముందర కూర్చున్నాడు. "ఉత్తుత్తికి ఎవరూ అట్ల ఏడవరు గదా ఖాదరూ" అన్నాడు. మా యమ్మ ఊళ్లోనే ఉండె గదా, మరి ఆడ ఏడ్చింది ఎవరనుకున్యావు అంటే, ఏడ్చింది ఎవరైతే నాకేంది, చచ్చింది నువ్వు గదా అనుకున్యా అన్నాడు.  ఆయన తన ఇంటికి కూడా పోకుండా, చెప్పులతో నేరుగా మా ఇంటికి పోయి చెప్పినాడు. సావాసగాడు చెయ్యాల్సిన పనే చేసినాడు. ఆ మాట మీద మేము ఎన్నడూ కొట్లాడలా. నువ్వు మీ ఇంట్లో ఈ మాట తేవద్దు.

సత్యనారాయణ కార్డు కూడా వచ్చింది. ఆయన రాసినాడు, అది ఏ ఊరు తిరిగిందో, నేను చేరిన రెండో దినం పోస్టుమాను తెచ్చి నా చేతికే ఇచ్చినాడు. నాకు చదవను రాదు. ఆయనే చదివినాడు. ఖాదర్ బాషా గారు క్షేమం, దిగులుపడొద్దు అని. ఆ చలికాలమే రాత్రి బడిలో చేరినా. లాంతరు కింద, నాకంటే చిన్నోళ్ల మధ్య. అయ్యవారు అ, ఆ దిద్దమంటే, ముందు క్షేమం అనే మాట నేర్పించు అన్నా. అది మొదట రాదు ఖాదరూ, కష్టమైన అక్షరం, వరసలో రావాల అన్నాడు. నేను వరస ఒప్పుకోలా. నాలుగు రాత్రులు పట్టింది. తర్వాత ఫ్రాన్సుకు ఒక జాబు రాసినా, తెలుగులో. నాకొచ్చింది అదొక్కటే గదా. జవాబు రాలా.

జైనబీకి ఇప్పుడు మోకాళ్లు నొప్పులు. ఫోన్లో అంటాది, నీకోసం ఒకసారి ఇద్దత్ కూర్చున్యా, మళ్లా చస్తే కూర్చోను, చూసుకుని చావు అని.

నువ్వు చల్లగా ఉండు పాపా. నీకు పని ఇచ్చే మంచి కఫీలు దొరకాల, మీ ఇంటికి మంచి మాటలే మోసుకుపోవాల. ఏదన్నా ఉంటే నువ్వే రాసి పంపు, ఇంకొకరి నోటికి ఇయ్యద్దు.

మీ అబ్బ చెప్పిన దినం మా యమ్మ ఏడవలేదంట. కుడి మోకాలు పైకి పెట్టుకుని అట్లే కూర్చునిందంట. అన్నం మానేసింది. నా పేరు మీద నలభయ్యో దినం చేయించి, ఊరందరికీ వడ్డించి, తాను పడుకునింది. నేను కుక్కరు పట్టుకుని వాకిట్లోకి వచ్చేటప్పటికి మా యమ్మ పోయి పదకొండు దినాలు.